హామ్లిన్ ఉండి ఉంటే

అమెరికా అంతర్యుద్ధపు ఫిరంగులు ఇంకా చల్లారకముందే, దాస్యవిముక్తిని చాటిన లింకన్ రెండవమారు ఎన్నికకు నిలిచినప్పుడు ఆయన పార్టీవారు ఎదుటి పక్షం ఓట్లు కూడా రాబట్టాలని, ఉపాధ్యక్షుడిగా ఉన్న మెయిన్ రాష్ట్రపు హామ్లిన్‌ను తప్పించి టెనెసీ వాడైన జాన్సన్‌ను ఆ పీఠం మీద కూర్చోబెట్టగా, నెలన్నరకే లింకన్ తుపాకి గుండుకు నేలకొరిగి రాజ్యం జాన్సన్ చేతికి చిక్కిన ఆ సంవత్సరంలో, దక్షిణాది తీరాన ఎడిస్టో దీవిలో బ్రిస్టో అనే నిన్నటి బానిస, పారిపోయిన దొరల భూముల్లోంచి లింకన్ సైన్యం పంచి ఇచ్చిన నలభై ఎకరాల నాలుగు మూలలా కొయ్యలు పాతి, జన్మలో మొదటిసారి తనదైన మన్నును తవ్వుతున్నాడు.

ఆ ఏటి మొదట్లో, చలికాలంలో పుట్టిన కొడుక్కు హామ్లిన్ అనే పేరు పెట్టుకున్నాడు. దీవిలో విడిది చేసిన మెయిన్ సిపాయిలు తమ పెద్దమనిషిని అంతగా పొగిడారు మరి.

చిలగడదుంపలు తవ్వే వేళకు పిడుగు పడింది. జాన్సన్ తిరుగుబాటు చేసిన పాత యజమానులను క్షమించి వారి భూములు వారికే ఇచ్చేశాడు. బ్రిస్టో పాత దొర కబురు పంపాడు: ఆదివారం ప్రార్థన ముగియగానే ఒప్పందం మీద గుర్తు పెట్టి కూలికి కుదరాలి, లేదా నేల విడిచిపోవాలి. బ్రిస్టో ప్రార్థనశాల పెద్ద. అతడు ఎటైతే దీవిలో సగం జనం అటు.

ఆ కబురు విన్నది మొదలు అతనికి ఒకచోట కాలు నిలవలేదు. కొయ్య నుండి కొయ్యకు తిరుగుతూనే ఉన్నాడు.

"హామ్లిన్ ఉండి ఉంటే..."

"మళ్లీ మొదలు!" భార్య బైనా గరిటె విసిరికొట్టింది. "ఆ మాట ఉడకేస్తే పిల్లాడి కడుపు నిండుతుందా? గుర్తు పెడతావో, మూట కట్టమంటావో చెప్పి చావు!"

"ఆ ఒక్క మనిషిని మార్చకపోతే ఈ మన్ను మనదేనే, బైనా!"

గుమ్మంలో గడ్డిబుట్ట అల్లుతున్న మేనత్త రీనా తలెత్తింది. "ఒరే బ్రిస్టో, మీ తాత బతుకంతా మంచి దొర వస్తాడని చూశాడు. నువ్వేమో మంచి అధ్యక్షుడి కోసం చూస్తున్నావు. హామ్లిన్ ఏం చేసేవాడో దేవుడికే ఎరుక. నువ్వేం చేస్తావురా?"

ఆ మాట ములుకులా దిగింది.

ఆదివారం దొర మనిషి కాగితంతో వాకిట కాచుకున్నాడు. లోపల బ్రిస్టో మోకరిల్లాడు. అధ్యక్షుణ్ణి పేరు పెట్టి దీవించమని వేడడం ప్రార్థనశాల పెద్దగా అతని విధి. జాన్సన్ పేరు గొంతు దాటలేదు. హామ్లిన్ పేరు ఎత్తడానికీ మనసొప్పలేదు.

"ప్రభూ, ఆ పీఠం మీద ఎవడున్నా సరే, నాకిచ్చిన ఈ కుదురులేనితనంలో కాస్త వాడికీ పంచు. మా మన్ను వాడి పక్కలో గుచ్చుకోవాలి!"

"ఆమెన్! గట్టిగా గుచ్చుకోవాలి!" వెనకనుంచి బైనా అరిచింది.

బయటికి వచ్చినవాడు కాగితం వంక చూడనైనా చూడలేదు. తిన్నగా పోయి నాలుగు కొయ్యలూ పెరికి భుజాన వేసుకున్నాడు. కొందరు అతని వెంట నడిచారు, కొందరు తలలు వంచుకుని గుర్తు పెట్టారు. ఉప్పుటేటి ఒడ్డున, ఎవరూ కోరని బురదలో, ఆ కొయ్యలనే మూలలకు పాతి గుడిసె ఎత్తాడు. ఆల్చిప్పలు ఏరి, చేపలు పట్టి, ఏళ్లు గడిచాక ఆ పక్కనే చిన్న భూమి చెక్క సొంతం చేసుకున్నాడు. అయినా తెల్లవారితే చాలు, హద్దు చుట్టి వస్తే గాని అతనికి గంజి దిగేది కాదు.

పీఠాలెక్కే పేర్లు ఎన్ని మారినా ఆ ఇంటి కొయ్యలు కదలకుండు గాక. బైనా పొయ్యి ఆరకుండు గాక. హామ్లిన్ బిడ్డలు, వారి బిడ్డలు తమ మన్ను మీద కంటినిండా నిద్రపోవుదురు గాక.