ఇరవై ఏనుగుల స్తోత్రం

జేబుల్లోకి ఫోన్లు ఇంకా రాని ఆ రోజుల్లో, పరిశోధన చెయ్యమని ఎవరికైనా డబ్బిచ్చారంటే ఆ మనిషికి అప్పటికే అన్నీ తెలుసని అర్థం అనుకునేదాన్ని. తెలియనిది తెలుసుకోవడానికే ఇస్తారన్న చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు. హైదరాబాదులో పాత అచ్చుబొమ్మల్ని భద్రపరిచే ఒక చిన్న సంస్థలో నాకు తొలి ఉద్యోగం. దేవుళ్ళ పటాలు, అగ్గిపెట్టెల బొమ్మలు, పంచాంగాల అట్టలు, సబ్బు కంపెనీల కేలండర్లు, ఇలా ఒకప్పుడు మన గోడలకు వేలాడి ఆ తర్వాత చిత్తుకాగితాల వాడి తక్కెట్లోకి ఎక్కినవన్నీ మా బీరువాల్లో గౌరవంగా పడుకుని ఉండేవి. వాటికి నంబర్లు వేసి, కొలతలు రాసి, చెదలు పట్టకుండా చూసుకోవడం నా పని. ఏడాది తిరిగేసరికి అచ్చు చరిత్ర మొత్తం నా కొంగున ముడివేసుకున్నట్టే అనిపించింది. (చెదల సంగతి మాత్రం చివరిదాకా పట్టుబడలేదు.)

ఆ ధీమాతోనే, అచ్చు చరిత్ర మీద పనిచేసేవాళ్ళకు సాయం చేసే ఒక ట్రస్టుకు దరఖాస్తు పెట్టాను. తెల్లదొరల కాలంలో ఐదేళ్ళ ఒప్పందం మీద మనవాళ్ళు వేలమంది ఓడలెక్కి ఫిజీ చెరకుతోటల్లో పనికి వెళ్ళారు. ఆ 'అగ్రిమెంటు' వాళ్ళ నోళ్ళలో పడి 'గిర్మిట్' అయింది. అలా వెళ్ళిన తెలుగువాళ్ళు తమ మూటల్లో ఏ బొమ్మలు పట్టుకెళ్ళారు, ఏ దేవుడి పటం పెట్టుకుని మొక్కారు అన్నది నా అంశం. దానికి నేను పెట్టిన పేరు చదవాలంటే మధ్యలో రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాలి. మా సంస్థ పెద్దాయన దాన్ని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంత పేరు పెట్టావు, అక్కడ ఒక్క బొమ్మా దొరక్కపోతేనో?" అన్నారు. "దొరుకుతుందండీ, నాకు తెలుసు," అన్నాను. ట్రస్టు కమిటీలో ముగ్గురు పెద్దమనుషులు కూడా అదే అడిగారు. నేనూ అదే చెప్పాను. నన్ను వదిలించుకోవడానికో ఏమో, మూడు నెలల ఫిజీ ప్రయాణానికి సరే అన్నారు.

ఫిజీ ఉత్తరపు దీవిలో సావుసావు అనే రేవులో ఎండుకొబ్బరి వాసన మధ్య ఓడ దిగి, కిటికీలకు అద్దాల బదులు టార్పాలిన్లున్న బస్సెక్కి, కొండలు దాటి లంబాసా అనే ఊరు చేరాను. చుట్టూ చెరకు. చెరకు మధ్య ఇళ్ళు. ఇంటింటికీ ఒక తాతో అవ్వో ఉన్నారు కానీ తెలుగు మాత్రం పూజ గదిలోనూ ముసలివాళ్ళ గొణుగుళ్ళలోనూ తప్ప వినపడదు. మిగతాదంతా అక్కడి హిందీ. నా హైదరాబాదు హిందీ విని వాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు. అందరూ నన్ను 'టీచర్' అనేవారు. మర్యాద కొద్దీ అనుకున్నాను. ఆపకుండా మాట్లాడుతున్నందుకని తర్వాత తెలిసింది.

మొదటి రెండు వారాలూ కేలండర్లే. 'పాత బొమ్మ' అన్నానంటే చాలు, ఆ ఊరి బట్టల షాపువాళ్ళు పోయినేడు పంచిన కేలండరు తెచ్చి భద్రంగా నా చేతిలో పెట్టేవారు. ఒకాయన ఇంగ్లండు మహారాణి ఫోటో చూపించి, "ఈమె కూడా పాతదే," అన్నాడు. ఒకావిడ బిస్కెట్ల డబ్బా మూత చూపించింది. నేను కొలతలు రాసుకున్నాను. (ఉత్తచేతులతో వెళితే పెద్దాయన ముఖం ఎలా చూడను?)

మూడోవారంలో ఒకరోజు మధ్యాహ్నం, చెరకు లారీ తోలే ఒకాయన ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆయన్ని లారీ మామ అనేదాన్ని. నలుగురూ చేరి, చెక్క గిన్నెలో యంగోనా అని ఏదో వేరు పొడి కలిపిన నీళ్ళు కొబ్బరి చిప్పతో తాగుతున్నారు. నాకూ ఇచ్చారు. చూడబోతే మడ్డి నీళ్ళలా ఉంది. మర్యాద తెలిసినదాన్ని కనుక గటగటా తాగేశాను. రెండు నిమిషాల్లో పెదవులు, నాలుక మొద్దుబారిపోయాయి. అడగాల్సిన ప్రశ్నలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. ఫిజీలో దిగాక నేను నోరు మూసుకుని ఎదుటివాళ్ళ మాట విన్నది అదే మొదలు.

అప్పుడు లారీ మామ అన్నాడు. "టీచర్, హమార్ ఘర్ మే ఏక్ లచ్చిమి హై. హమార్ ఆజీ ఇండియా సే లాయిస్. నీచే తెలుగు అచ్చర్. కోయీ నహీ జానే."

ఆయన నాయనమ్మ గిర్మిట్ ఓడలో వస్తూ తెచ్చిన లక్ష్మి పటం, కింద తెలుగు అక్షరాలు, వాటిని చదవగలిగినవాళ్ళు ఇంట్లో ఒక్కరూ లేరు! నేను లేచి నిలబడ్డాను. నాలుక తిరగలేదు కానీ కాళ్ళు తిరిగాయి.

పటం వంటగది పక్క గూట్లో ఉంది. చుట్టూ బండచెక్క ఫ్రేము, అద్దం మీద ఏళ్ళ తరబడి పేరుకున్న కుంకుమ, దీపం మసి. లోపల కమలంలో లక్ష్మి, అటొకటి ఇటొకటి నీళ్ళు పోస్తున్న ఏనుగులు. అక్షరాలున్న అంచు ఫ్రేము చెక్క కిందికి పోయింది. ఆ రోజు శుక్రవారం. లారీ మామ అమ్మ, ఎనభై దాటిన అవ్వ, హారతి వెలిగించింది. ఆ ఇంట్లో తెలుగు వచ్చింది ఆవిడకొక్కదానికే. కోడలూ మనవరాళ్ళూ కళ్ళు మూసుకుని, రాగం సాగదీస్తూ పాడారు:

"ఇరువాదీ గజామూ లూతికినానూ రంగా పోదూ..."

రంగా! లక్ష్మీదేవి పక్కన రంగడు! మనదేశంలో మాసిపోయిన ఏదో స్తోత్రం సముద్రం దాటి ఇక్కడ బతికి ఉంది! ఆ సాయంత్రం నోటుబుక్కులో రంగడి గురించి ఎనిమిది పేజీలు రాశాను. 'లూతికి' అన్నది ఏ ధాతువో రెండు పేజీలు చర్చించాను. అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు పొద్దున్నే తపాలాఫీసుకు పోయి పెద్దాయనకు టెలిగ్రాం కొట్టాను: గిర్మిట్ నాటి పటం, అలభ్యమైన లక్ష్మీరంగ స్తోత్రంతో సహా దొరికింది. వారం తిరక్కుండానే జవాబు వచ్చింది. అభినందనలు, కమిటీ నీ గడువు మరో మూడు నెలలు పెంచింది, స్తోత్రం పూర్తి పాఠం వెంటనే పంపు.

ఫ్రేము విప్పడానికి ఆ తర్వాతి ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాం. కొలతలకూ ఫోటోకూ విప్పక తప్పదు. పొద్దున పదింటికి వెళ్ళేసరికి లారీ మామ ఇంటి ముందు చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిసి ముప్ఫైమంది దాకా చాపలు పరుచుకుని కూర్చున్నారు. ముత్తవ్వ తెచ్చిన దేవుడి మాట ఏమిటో టీచర్ చదివి చెబుతుందట. కోడలు నాకు పూలదండ వేసింది. లారీ మామ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, మొలలు ఒక్కొక్కటే పీకాడు. పటం నా ఒళ్ళోకి వచ్చింది. అంచున నీలం రంగులో ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు.

*ఇరువది గజములు. ఉతికినను రంగు పోదు.*

అది దేవుడి పటం కాదు. గుడ్డల తాను మీద అంటించే మార్కా కాగితం. సీమ మిల్లులవాళ్ళు మనవాళ్ళకు బట్ట అమ్ముకోవడానికి మన దేవుళ్ళ బొమ్మలతోనే అచ్చేసి పంపేవారు. అలాంటివి హైదరాబాదులో మా మూడో బీరువా నిండా ఉన్నాయి. వాటికి నంబర్లు వేసింది నేనే! ఎనిమిది పేజీల రంగడు కళ్ళముందే తానుగుడ్డలో చుట్టుకుపోయాడు.

"కా లిఖా హై, టీచర్?" అన్నాడు లారీ మామ.

ముప్ఫై ముఖాలు నా వైపే చూస్తున్నాయి. చేతులు జోడించినవాళ్ళు కూడా ఉన్నారు. గొంతు సవరించుకుని, "ఇరువది గజములు..." అని చదివి ఆగిపోయాను.

"గజం అంటే ఏంది, పిల్లా?" గుమ్మంలో కూర్చున్న అవ్వ అమాయకంగా అడిగింది.

"గజం అంటే..." అన్నాను. పటంలో కమలం పక్కన తొండమెత్తిన జంతువు నా వైపే జాలిగా చూస్తున్నట్టుంది. "గజం అంటే ఏనుగండీ. ఇరవై ఏనుగులు."

"బీస్ హాథీ!" అని చాపల మీద మాట పాకింది. వెనకనుంచి ఎవరో లెక్క చూసుకుని, "దుయీ హై. బాకీ అఠారా కహాఁ?" అన్నారు. రెండే ఉన్నాయి, మిగతా పద్దెనిమిది ఏవీ అని. "వెనకాల ఉన్నాయి," అన్నాను. అందరూ తలలూపారు.

"ఔర్ దూసర్ లైన్?"

రెండో మాటకు అబద్ధం వెతుక్కునే ఓపిక లేకపోయింది. ఉన్నదే చెప్పేశాను. "ఎంత ఉతికినా సరే, రంగు పోదు."

ఉతకడానికి ఆ కంగారులో హిందీ మాట తట్టక పిడికిలితో అరుగును నాలుగు బాదులు బాది చూపించాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. లారీ మామ ఆ బాదుడు వైపు చూసి, తర్వాత పటం వైపు చూసి, "హమార్ ఆజా బహుత్ మార్ ఖాయిస్," అన్నాడు నెమ్మదిగా. తాతను తోటలో కూలీల చేత పని చేయించే సర్దార్లు చాలా కొట్టారట. వీపు మీద వాతలు తను చిన్నప్పుడు తడిమి చూసేవాడట. "మారిస్, మారిస్. రంగ్ నహీ గయా." ఆయన చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ముసలివాళ్ళు కొందరు లేచి వచ్చి ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క కూడా తప్పు చదవలేదు, అయినా దొంగతనం చేసినట్టుంది.

మర్నాడు ఉదయం ఫోటోలు తీసుకోవడానికి వెళితే అవ్వ ఒక్కతే ఉంది. "బైఠో," అని చాప చూపించింది. కూర్చున్నాను. ఉండబట్టలేక, "అవ్వా, నిన్న నేను..." అని మొదలెట్టాను.

"ఏనుగు బాగా సెప్పినావు," అంది అవ్వ. పళ్ళులేని నోటితో కిలకిలా నవ్వింది. "గజం గుడ్డకి ఉంటాది. నాకు తెల్సు."

మద్రాసు రేవు డిపోలో ఓడ ఎక్కేముందు కూలీలకు తాను చింపి బట్టలిచ్చారట. అవ్వ అత్తగారు తాను మీది కాగితం ఊడబెరుక్కుని కొంగున దాచుకుందట. ఆవిడకు చదువు రాదు. అక్కడి గుమస్తాను అడిగితే చదివి వినిపించాడట.

"అంతే. మల్లా ఆమెకి తెలుగు అచ్చరం ఎవురూ సదివి సెప్పలే. కొత్తగా వచ్చినప్పుడు కష్టం, ఏడుపు. అప్పుడు అదే పాడతాది. నవ్వుతాది. నేను కోడలుగా వచ్చినాక నేను గూడా నవ్వినాను. మల్లా పిల్లలు పుట్టినారు, వాళ్ళు కండ్లు మూసుకోని పాడినారు. అట్లా పాడితే ఇంక నేనేం సెప్తును?"

"నేను మా ఊళ్ళో నిజం రాయాలి అవ్వా. స్తోత్రమని ముందే చెప్పేశాను."

"రాసుకో. నీ దేశంలో రాసుకో. ఈడ వద్దు." చాప అంచు సర్దుకుంటూ, "నిన్న నా కొడుకు ఏడ్సినాడు. వాని నాయన పోయినప్పుడు గూడా ఏడవలే," అంది. నాకు టీ పెట్టడానికి లేచింది.

హైదరాబాదు వచ్చి కమిటీ ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. స్తోత్రం లేదని తేలాక పెంచిన గడువు వెనక్కి తీసుకున్నారు. అది న్యాయమే. కమిటీ ముగ్గురిలో అందరికంటే వయసైనాయన మాత్రం చివర్లో, "ఇంతకీ ఆ ఇంటివాళ్ళకు ఏమని చెప్పావు?" అన్నారు. చెప్పాను. ఆయన మొహం బిగబట్టుకుని కాసేపు కాగితాలు సర్దుకున్నారు. తర్వాత బల్లమీద తల వాల్చి భుజాలు అదిరేలా నవ్వారు. మా సంస్థ కేటలాగులో ఆ ఫోటోను తాను మార్కాల మధ్యే వేశాం. ఎక్కడున్నదీ రాయాల్సిన చోట ఏం రాయాలని అడిగితే, మా పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పూజలో ఉన్నది అని రాయి," అన్నారు.

'ఈడ వద్దు' అన్న అవ్వ మాట దాటకుండా, ఆ ఇంట్లో ఎవరికీ తెలియనివ్వకుండా చాలా ఏళ్ళు ఉన్నాను. ఇప్పుడిలా రాస్తున్నానంటే, లారీ మామ కూతురు గుళ్ళో తెలుగు అక్షరాలు నేర్చుకుని, ఫ్రేము విప్పించి తనే చదివేసుకుంది. 'టీచర్, ఏనుగులు కావు, గజాలు!' అని నాకు ఉత్తరం రాసింది. నాన్న విని అరగంట నవ్వాడట. ఆ శుక్రవారం కూడా పాడాడట.

నాకిప్పుడు అవ్వ అప్పటి వయసు దగ్గర పడుతోంది. గంజి పెట్టిన నూలుచీర కట్టుకుని, పూలదండ వేయించుకుని, అన్నీ తెలుసనుకుంటూ ఆ చాప మీద కూర్చున్న పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. వెళ్ళి పక్కన కూర్చుని రెండు మంచిమాటలు చెప్పాలనిపిస్తుంది. చెప్పనివ్వదు, నాకు తెలుసు. మాట మధ్యలో అందుకుని నాకే పాఠం చెబుతుంది. చెప్పనీ. కాసేపు వింటాను.