దండాసి చెరిపిన గొంతు

యాంగోన్‌లోని తామ్వే పేటలో స్పీకరు పాడైతే దండాసి దగ్గరికే తీసుకెళ్తారు. ఆ ఊరి రేవులో మూటలు మోసిన కూలీకి మనవడాయన. చదువు ఎనిమిదితో ఆగింది. పాత రేడియోలు విప్పి, చెడగొట్టి, మళ్ళీ విప్పి పని నేర్చుకున్నాడు. గుడి ఉత్సవాలకు ముప్పయ్యేళ్ళుగా మైకుసెట్టు ఆయనదే. పాటలో మంచీచెడూ తనకు తెలియవనేవాడు. గొంతు వెనక బుస వినిపిస్తే మాత్రం అన్నం సయించేది కాదు.

ఇంటి వెనక గది గోడలకు గోనెసంచులు, పాత పరుపులు కట్టి పాటలు రికార్డు చేసేవాడు. కోవిడ్ వచ్చి సంచౌంగ్ పేట టీ దుకాణాల్లో తన పాటలు ఆగిపోయాక మణిమాల గిటారుతో ఆ గదికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. బర్మీస్‌లో రాసుకున్న తొమ్మిది పాటలు, అన్నీ సొంత బాణీలే. అది ఆమె మొదటి ఆల్బమ్.

ఆరో పాటను రేవు కూలీల లాగుడు పాట మీద కట్టింది. ఆమె ఒక వరస పాడితే మరొకరు “ఐలెస్సా” అని అందుకోవాలి. తాతల నాటి ‘హైలెస్సా’ను ఆ వీధిలో అలాగే పలుకుతారు. అలా పదకొండు సార్లు. అందుకున్నవాడు గోపీకృష్ణ, పక్క వీధి అచ్చమ్మ చిన్న కొడుకు. గరగరలాడే గొంతు. జనవరిలో ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి పాడారు.

“ఒరే గుంటడా, మైకుని మింగెత్తావేట్రా? ఎనక్కి జరుగు,” అని దండాసి కసిరాడు.

“మా తాతలు ఓడలే లాగినారు మావా, నీ మైకొక లెక్కా!”

ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కింది. అదే గొంతుతో గోపీకృష్ణ తామ్వే వీధుల్లో ఊరేగింపుల ముందు నడిచి నినాదాలు ఇచ్చాడు. మార్చిలో పట్టుకుపోయారు. మూడో రోజున చనిపోయాడని కబురొచ్చింది. శవాన్ని ఇవ్వలేదు.

పదిహేను రోజులకు అచ్చమ్మ వచ్చింది. గడప బయటే నిలబడింది.

“అన్నా, ఆడి గొంతు నీకాడ ఉందట గదా. తీసెయ్యి.”

“అత్తా, అదొక్కటే గదా మిగిలింది,” అంది మణిమాల.

“నాకు పెద్దోడు మిగిలినాడమ్మా.”

పెద్దవాడు బలరాం ప్రభుత్వ ఉద్యోగం వదిలి సైన్యానికి ఎదురు సమ్మెలో చేరాడు. బయటికి రాకుండా ఇంట్లోనే దాక్కుంటున్నాడు. ఇక గోపీకృష్ణ గొంతు ఎరగనివాళ్ళు తామ్వేలో లేరు. పాట బయటికొస్తే ఆ గొంతు వెంట సిపాయిలు ఆ ఇంటికే వస్తారు.

ఒకే మైకులో పడిన రెండు గొంతులను విడదీయడం దండాసికి చేతకాదు. అందుకని మణిమాల మళ్ళీ ఒంటరిగా పాడింది. తాళం తప్పకుండా పాత పాటను దండాసి ఆమె హెడ్‌ఫోన్లలో పెట్టాడు. గోపీకృష్ణ అందుకునే ప్రతిచోటా ఆమె ఆగింది.

“ఆ కాళీలు మూసెయ్యనా తల్లీ?”

“వద్దు ఊలే,” అంది. బాబాయి అనడానికి ఆమెకు బర్మీస్ మాటే అలవాటు.

తర్వాత పాత పాటను అచ్చమ్మ కళ్ళముందే చెరిపేశాడు.

జూన్ వానలు పట్టాయి. సిపాయిలు రాకుండా జనం వీధి మొగలకు వెదుళ్ళు అడ్డం కట్టుకున్నారు. ఇంటర్నెట్ ఉండేది కాదు, సిపాయిలు కనబడినవాళ్ళ ఫోన్లు విప్పించి చూస్తున్నారు. ఆల్బమ్‌ను అక్కడ విడుదల చేయడానికి బ్యాంకాక్ వెళ్ళే మనిషి చేతికివ్వాలి. దండాసి ఆరో పాటలో బుస తీస్తున్నాడు. మొదటి ఖాళీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఏటి అవతలి గట్టు నుంచి ఎవరో పిలిచినట్టు, సన్నగా, “ఐలెస్సా.”

వెనక్కి తిప్పి విన్నాడు. ఉంది. పదకొండు చోట్లా ఉంది.

మణిమాల పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి చూశాడు. సంగతి తెలియడానికి కొంతసేపు పట్టింది. హెడ్‌ఫోన్ల మెత్తలు చిరిగిపోయాయి. దుకాణాలు మూసేశారని మార్చలేదు. మణిమాల చెవుల్లోని పాత పాట చిరుగుల్లోంచి కారి మైకులో పడింది. ముప్పయ్యేళ్ళలో అలాంటి తప్పు చెయ్యలేదాయన.

మణిమాల వింది.

“అత్తకు చెప్పకండి ఊలే. ఇంత సన్నటిది ఎవరికి వినిపిస్తుంది? ఉండనీండి.”

“సెరిపేసినానని ఆమెకి సెప్పినాను గదమ్మా. సెరగనేదని సెప్పొద్దేటి?”

అచ్చమ్మ ఈసారి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. దండాసి హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించాడు. మొదటి ఖాళీ రాగానే ఆమె తల తిప్పి వెనక్కి చూసింది.

“ఏటి, అంత దూరాన నిలబడి పాడతన్నాడు?”

మూడుసార్లు వేయించుకుని వింది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇదీ తీసెయ్యన్నా.”

“ఎవరికీ వినపడదత్తా!” అంది మణిమాల.

“నాకు ఇనబడింది గదే. నాకినబడితే ఆళ్ళకీ ఇనబడతాది.”

“ఒక్క కాపీ నీ పోన్లో ఏసి ఇత్తాను,” అన్నాడు దండాసి.

“ఆ పోన్లనే గదా ఆళ్ళు ఎతుకుతన్నారు.”

మణిమాల వానలోకి వెళ్ళిపోయింది. అచ్చమ్మ మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. దండాసి ఒక్కో చోటును ఆమెకు ఒకసారి వినిపించాడు. ఆమె తల ఊపాక చెరిపాడు. తొందరపడలేదు, అంచులు నున్నగా కలిపాడు. పది అయ్యాయి.

పదకొండోది విన్నాక ఆమె తల ఊపలేదు.

“ఇంకున్నాయేటి?”

“నేవు. ఇదే ఆకరు.”

“అయితే కూసింతసేపు ఉండన్నా,” అంది.