నీళ్లు ఉండకూడదని మొక్కుకున్న రోజు

నేను పిరికిదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినదాన్ని కాబట్టి చప్పుడు లేని చోటంటేనే నాకు భయం. అలాంటి నాకు జిల్లాకు ఉత్తరపు కొసన, ఉరవకొండ కూడా దాటి పోవాల్సిన ఊళ్లో టీచరు ఉద్యోగం వేశారు. ఆర్డరు చేతికి వచ్చిన రోజు మా అమ్మ బడి ఎలా ఉంటుందని అడగలేదు. బస్సు ఎందాకా పోతుందని అడిగింది. ఆ ఊరికి బస్సు పోదు. క్రాసు రోడ్డు దగ్గర నన్ను దించేసి, తన దారిన తాను బళ్లారి వైపు వెళ్లిపోతుంది.

అక్కడి నుంచి నడకే. దారికి అటూ ఇటూ శెనక్కాయ చేలు, మధ్య మధ్య కంది సాళ్లు, దూరంగా బండరాళ్ల గుట్టలు. ఆ గుట్టల్లో ఎలుగుబంటి ఉందని ఊరివాళ్లు పక్కింటాయన ఊళ్లోనే ఉన్నాడన్నంత మామూలుగా చెప్పారు. మొదటి ఏడాది ఫోనులో పాటలు గట్టిగా పెట్టుకుని, ఎండ ఉన్నా లేకున్నా గొడుగు పట్టుకుని నడిచేదాన్ని. ఒకరోజు కంది చేలో నల్లగా ఏదో కదిలితే గొడుగు అక్కడే పారేసి పరుగెత్తాను. అది బర్రెగొడ్డు. ఆ బర్రె యజమానురాలే నా గొడుగు తెచ్చి బళ్లో ఇచ్చి, పిల్లలందరి ముందూ సంగతి చెప్పి, కడుపుబ్బ నవ్వి పోయింది. ఆమె మా బడికి మధ్యాహ్నం వంట చేసే మనిషి. ఆ రోజు నుంచే నాకు దగ్గరైంది.

ఎలుగుబంటి భయం మెల్లగా అలవాటైపోయింది. బోర్ల భయం మాత్రం పెరుగుతూ వచ్చింది.

ఆ ఊళ్లో ఏ చేనికి పోయినా ఎండిపోయిన బోరు ఒకటైనా ఉంటుంది. బోరు వేసేటప్పుడు టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తారు. నీళ్లు పడక దుమ్ము లేస్తే ఎవరూ ఏమీ మాట్లాడకుండా ఇళ్లకు పోతారు. తర్వాత లోపల దింపిన పైపును బయటికి లాగేస్తారు, ఇంకో బోరుకు పనికొస్తుందని. పైపు తీసేశాక మట్టి అంచులు విరిగి బోరు మూతి వెడల్పవుతుంది. దాని మీద ఒక బండ పెట్టి, చుట్టూ కంప వేసి వదిలేస్తారు. పూడ్చరు. ఎందుకంటే మంచి వానలు పడితే ఎండిన బోర్లో కూడా నీళ్లు ఊరవచ్చు. పైగా బోరు పూడ్చిన చేతికి మళ్లీ నీళ్లు పడవని అక్కడ గట్టి నమ్మకం. ఎండిన బోరును కూడా వాళ్లు జబ్బుపడిన మనిషిని చూసినట్టే చూస్తారు తప్ప పోయిందనుకోరు.

అంతకన్నా నన్ను భయపెట్టింది వాళ్ల అలవాటు ఒకటి. బోరు పక్కగా పోయే పెద్దవాళ్లెవరైనా సరే, బండ సందులోంచి గులకరాయి ఒకటి లోపలికి వేసి నీళ్ల చప్పుడు కోసం చెవి ఒగ్గి వింటారు. చాలాసేపటికి అడుగున టక్కుమని వినిపిస్తే లేచి పోతారు. దాన్ని చూసి పిల్లలకూ అదే ఆటైంది. నేను బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాను, బెదిరించాను, బతిమాలాను. నా ముందు తలలు ఊపేవాళ్లు. సాయంత్రం ఇళ్లకు పోయేటప్పుడు మళ్లీ బోర్ల దగ్గరే వంగి కనిపించేవాళ్లు.

మా బడికి ముందు వైపే గోడ ఉంది. వెనక ఏమీ లేదు. వెనకున్న చేనిలో, బడికి చాలా దగ్గరగా, అలాంటి బోరొకటి ఉండేది. అది ఒక ముసలాయనది. ఆయన మనవరాలు నా దగ్గరే ఒకటో తరగతి. తల్లిదండ్రులు బెంగుళూరులో కట్టడం పనికి పోయారు. అవ్వ లేదు. ఆ పిల్లకు తాతే జడ వేసేవాడు, ఒక జడ పైకి, ఒక జడ కిందికి. రోజూ ఆయన పిల్లను దించడానికి వచ్చినప్పుడు నేను బోరు మాట ఎత్తేదాన్ని. ఆయన ఎంతో మర్యాదగా, చూద్దాం మేడమ్ అనేవాడు. ఆ చూద్దాం ఎప్పటికీ తెమలదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే నా పని నేను చేసుకున్నాను. పొద్దున ప్రార్థనలో పిల్లల తలలు లెక్కపెట్టేదాన్ని. అన్నానికి ముందొకసారి, అన్నం తిన్నాక ఒకసారి, ఇళ్లకు పంపేముందు ఒకసారి. మేమేమన్నా మేకలమా మేడమ్ అని ఒక గడుగ్గాయి అడిగాడు. మేకలైతే నాకింత బాధ ఉండదురా అన్నాను.

ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. దసరా పోయాక శెనక్కాయ పీకి, చేల పక్కన కళాల్లో వాములు వేశారు. ఊళ్లో అందరి మొహాల్లోనూ కొంచెం తెరిపి కనిపించింది. నాకు కూడా తేలిగ్గానే ఉండేది, ఆ రోజు అన్నాల తర్వాత లెక్కపెట్టి, ఒక తల తక్కువ వచ్చేదాకా.

మళ్లీ లెక్కపెట్టాను. ముసలాయన మనవరాలు లేదు. పళ్లెం కడుక్కోవడం చూశానని వంటామె చెప్పింది. ఇంటికి పోయిందేమో అన్నది. నేను బడి వెనక్కు పోయాను. ఎందుకు నేరుగా అటే పోయానంటే, నా భయం ఎప్పుడూ ఉండేది అక్కడే కాబట్టి.

వానలకు బోరు అంచు కుంగి, మూతి మీద బండ ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. దాని పక్కన చిన్న పిల్ల పట్టేంత సందు. కంప పక్కకు జరిగి ఉంది. అంచున తడి మట్టిలో గులాబీరంగు చెప్పు ఒకటి కూరుకుపోయి ఉంది. మట్టి పెళ్ల అప్పుడే విరిగినట్టుగా పచ్చిగా ఉంది.

సందు మీదికి వంగాను. పేరు పెట్టి పిలిచాను. నా గొంతే బోర్లోంచి తిరిగి నా మొహానికి కొట్టింది. అంత భయం నా బతుకులో ఎప్పుడూ ఎరగను, మళ్లీ ఎరగకూడదు. వంటామె చేలవైపు అరుచుకుంటూ పరుగెత్తింది. నేను మిగతా పిల్లలను గదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టాను. లోపల చిన్నపిల్లలు ఏడుపు అందుకున్నారు. నాకు వాళ్లను ఊరడించే శక్తి లేదు.

జనం పోగయ్యారు. ఎవరో టౌనుకు ఫోను చేశారు. పోలీసులు, ఫైరింజను బయలుదేరుతారన్నారు కానీ ఆ దారిలో వాళ్లు ఎప్పటికి చేరతారో ఎవరు చెప్పగలరు. ముసలాయన తలగుడ్డ జారిపోయినా చూసుకోకుండా వచ్చాడు. చెప్పును చూశాడు. బోరు దగ్గర కూర్చుని, పక్కనున్న గులకరాయి తీసుకుని, చెయ్యి సందు మీదికి చాపాడు. బతుకంతా చేసిన పని, చెయ్యి దానంతటదే చేసింది. వంటామె ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఏమప్పా, పాప లోపల ఉంటే?"

ఆయన చేతిలోని రాయి వైపు చూసుకున్నాడు. దాన్ని కింద పెట్టడానికి కూడా ఆయనకు చాలాసేపు పట్టింది.

అప్పుడొకాయన ఇంట్లోంచి మొహం చూసుకునే అద్దం తెచ్చాడు. బోరు లోపల చూడాలంటే వాళ్లు చేసే పద్ధతి అదే, అద్దంతో ఎండను లోపలికి మళ్లిస్తారు. బండను మెల్లగా, మట్టి రాలకుండా పక్కకు తీశారు. ముసలాయన బోర్లా పడుకుని తల ముందుకు పెట్టాడు. ఇద్దరు ఆయన కాళ్లు పట్టుకున్నారు. నేను పక్కనే మోకాళ్ల మీద ఉన్నాను. వెలుగు ఎర్రమట్టి మీద జారింది. తర్వాత రాయి మీద జారింది. ఆ తర్వాత అంతా నలుపు. అద్దం పట్టుకున్నాయన చెయ్యి కొంచెం తిప్పాడు. అడుగున ఏదో తళుక్కుమంది.

నీళ్లు.

ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఆ ఊళ్లో ఆ మాట కోసం మొక్కని దేవుడు లేడు. చిత్తడి కనిపించినా కేకలు పెట్టే మనుషులు. వాళ్లంతా నోళ్లు మూసుకుని నిలబడ్డారు. ఎండిన బోరైతే పిల్ల ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఊపిరితో ఉండవచ్చు. నీళ్లుంటే ఇంకేముంది? ముసలాయన మొహంలో అప్పుడు ఏదో మెరుపులా వచ్చి పోయింది. అద్దం వెలుగు పడిందనుకున్నాను.

ఒకామె చేతులు జోడించి, తల్లీ, అవి నీళ్లు కాకుండా చెయ్యి అన్నది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ అదే మొక్కారు. నేనూ మొక్కాను. ఆ నేల మీద నిలబడి అలాంటి మొక్కు మొక్కినందుకు ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ నిమిషాన నాకు వేరే కోరిక లేదు. ఆ మెరిసింది గాజుపెంకు కావాలి, రేకుముక్క కావాలి, ఏదైనా కావాలి, నీళ్లు మాత్రం కాకూడదు.

ఇంతలో వెనక నుంచి ఎవరో, గాలం తేండప్పా అన్నారు. బావిలో పడ్డ చెంబులు తీసే ఇనుప గాలం. ఆ కొక్కెం ఆ పిల్ల గౌనుకు తగులుకోవడం నా కళ్ల ముందు కనిపించింది. ముసలాయన కళంలో మోకు, గాలం రెండూ ఉన్నాయని వంటామె అటు పరుగెత్తింది.

ఆమె తిరిగి వచ్చేటప్పుడు చేతిలో మోకు లేదు. చంకలో పిల్ల ఉంది.

శెనక్కాయ వామి వెనక ముడుచుకుని కూర్చుని ఉందట. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి మట్టి. రాయి వేసి విందామని పోయింది. అంచు విరిగి కాలు జారింది. కాలు లాక్కుని పారిపోయింది. ఆ తర్వాత ఊరంతా తన పేరు పెట్టి అరవడం వినిపించి, అందరూ తనను కొట్టడానికే వస్తున్నారని దాక్కుంది. మేం భయపడిన కొద్దీ గట్టిగా అరిచాం, మేం అరిచిన కొద్దీ ఆ పిల్ల ఇంకా లోపలికి నక్కింది.

చంక దిగి తాత ముందు నిలబడింది. తల ఎత్తలేదు.

"కొట్టద్దు తాతా. బోర్లో నీళ్లుండాయి. రాయి వేస్తే బుడుంగుమనింది."

తాత చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కొట్టడానికి దిగలేదు. పిల్లను ఒళ్లోకి లాక్కుని, ఆ ఎగుడు దిగుడు జడల మీద మొహం పెట్టుకున్నాడు. నేను మాత్రం గట్టిగా ఏడ్చాను. ఏడుస్తూనే అందరినీ తిట్టాను, ఆ పిల్లనూ, ఊరునూ, ఈ ఊరికి నన్ను వేసిన వాళ్లనూ. ఎవరూ ఏమీ అనుకోలేదు. వంటామె నాకు నీళ్లిచ్చింది.

మరుసటి రోజు క్రాసు నుంచి ఎప్పటికన్నా వేగంగా నడిచాను. బడి దగ్గరికి వచ్చేసరికి వెనక చేనిలో ట్రాక్టరు తోలిన మట్టి కుప్ప కనిపించింది. ముసలాయన ఒక్కడే పారతో గంపలోకి మట్టి ఎత్తుకుని బోర్లో పోస్తున్నాడు. ఊరి మగవాళ్లు కొంతమంది దూరంగా నిలబడి ఉన్నారు. ఆయనకు మతి చెడిందన్నారు. ఇన్నేళ్లకు నీళ్లు ఊరితే, మోటరు దింపుకోకుండా పూడ్చుకుంటున్నాడని, మీరన్నా చెప్పండి మేడమ్ అని నన్నడిగారు. రోజూ పూడ్చమని పోరుపెట్టినదాన్ని, ఆపమని చెప్పడానికి పోయాను.

నీళ్లున్న బోరు కదా పెద్దాయనా, పైపు దింపి గట్టిగా మూత బిగిస్తే సరిపోతుంది కదా అన్నాను. ఆయన పార ఆపలేదు. గంప నింపి, పోసి, మళ్లీ నింపాడు. దూరంగా ఉన్నవాళ్లకు వినపడనంత మెల్లగా అప్పుడు మాట్లాడాడు.

"నిన్న అద్దం యేసినప్పుడు నీళ్లు మెరిసినాయి కదా మేడమ్. పాప లోపలుండాదేమో అని నాకు తెలుసు. తెలిసి గూడా, నీళ్లొచ్చినాయని రవ్వంతసేపు సంతోషపడినా."

బడి వైపు నుంచి పిల్లల గోల వినిపిస్తోంది. అందరికన్నా గట్టిగా ఆయన మనవరాలి గొంతే వినిపిస్తోంది. ఆయన కాసేపు అటే చూశాడు.

"పాపకు మాత్రం ఈ మాట చెప్పద్దు. నీళ్లు తానే కనుక్కున్యానని పొద్దున్నుంచి అందరికీ చెప్పుకుంటాండాది."

గంప నిండింది. నేను దానికి రెండో పక్క చెయ్యి వేశాను.