దుప్పట్ల గదిలో జనరేటరు

రాజోలు దగ్గర కాలవగట్టు మీదున్న ఇరవై పడకల ఆసుపత్రిలో నర్సుగా చేరేనాటికి నాకు ముప్పై ఏళ్లు. అంతకుముందు పనిచేసిన చోట స్పిరిట్ సీసాలు మాయమయ్యాయి. బీరువా తాళంచెవి నా దగ్గరే ఉండేది కాబట్టి నింద నామీద పడింది. తీసింది ఎవరో చివరికీ తేలలేదు. నేను మాత్రం ఉద్యోగం మానుకుని వచ్చేశాను. అప్పట్నుంచీ నాకొక అలవాటు పట్టుకుంది. ఏ వస్తువు నా చేతి కిందికి వచ్చినా, దాన్ని ఎవరు ముట్టుకుంటున్నారు, ఎందుకు ముట్టుకుంటున్నారు అని కనిపెట్టి ఉండటం. మనుషుల మాటల కన్నా వాళ్ల చేతుల్ని ఎక్కువగా చూసేదాన్ని.

డెబ్బైల చివర్లో ఒక తుఫానుకి మా దగ్గర పదిహేను రోజులు కరెంటు లేదు. అప్పుడు మా డాక్టరమ్మగారు పడ్డ అవస్థ విని, ఎవరో దాతలు మరుసటి ఏడు ఒక జనరేటరు పంపించారు. ఇనప చట్రంలో బిగించిన చిన్న యంత్రం అది. ఇద్దరు చెరోపక్కా పట్టుకుంటే ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. పైన ఎర్రటి పెట్రోలు ట్యాంకు, పక్కన తాడు కట్టిన పిడి. తాడు ఒక్క గుంజు గుంజితే డుగడుగమని మొదలయ్యేది. ఆపరేషన్ గదిలో పెద్ద లైటుకీ ఒక ఫ్యానుకీ సరిపోయేది.

ఆ రోజుల్లో మేము మత్తుకి ఈథర్ వాడేవాళ్లం. ఈథర్ ఉన్న గదిలో అగ్గిపుల్ల గీసినా ప్రమాదమే. కరెంటు పోయిందని పెట్రోమాక్స్ లైటు తెచ్చి పెట్టుకునే వీల్లేదు. అందుకే ఆ జనరేటరంటే మా అందరికీ అంత ఆపేక్ష.

వచ్చిన రోజునే డాక్టరమ్మగారు అందర్నీ పిలిచి చెప్పారు. "ఇది ఆపదకి పనికొచ్చేది. పెళ్లికనీ సువార్త సభలకనీ అడగడానికి వస్తారు. ఎవ్వరికీ ఇవ్వొద్దు. ఊరికే ముట్టుకోవద్దు." తర్వాత నావైపు తిరిగి, "కాస్త కనిపెట్టి ఉండమ్మా" అన్నారు.

ఆవిడ మాటవరసకి అన్నారేమో. నేను మాత్రం దాన్ని ఉద్యోగంలో భాగంగానే తీసుకున్నాను.

జనరేటరుని జీపు షెడ్డులో పెట్టారు. షెడ్డు తాళంచెవి డ్రైవరు దగ్గర ఉండేది. ఆయన నలభై దాటిన మనిషి. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ నడిపి, నడుం పట్టేయడంతో ఆ పని మానుకుని మా జీపు దగ్గరికి వచ్చాడు. మాట చాలా తక్కువ. ఏం చెప్పినా "ఆయ్" అనడమే తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అంత మౌనంగా ఉండేవాళ్లని నేను అప్పట్లో నమ్మేదాన్ని కాదు.

ఒక ఆదివారం తలనొప్పిగా ఉండి చర్చిలో ఆరాధన మధ్యలోంచి లేచి వచ్చేశాను. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి షెడ్డులోంచి డుగడుగ చప్పుడు. గబగబా వెళ్లేసరికి ఆగిపోయింది. డ్రైవరు గుడ్డపేలికతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏంటండీ ఆ చప్పుడు?" అన్నాను.

"జీపండి."

అలాగా అని జీపు మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. రెండడుగులు ఇవతలికి వచ్చి జనరేటరు పొగగొట్టం ముట్టుకున్నాను. చూపుడు వేలు చురుక్కుమంది. ఆయన చూశాడు, నేనూ చూశాను.

ఆ మర్నాటినుంచి నేను ట్యాంకులో పెట్రోలు కొలవడం మొదలుపెట్టాను. ఆయన జీపు తీసుకుని బయటికి వెళ్లినప్పుడు షెడ్డు తీసే ఉండేది. కొబ్బరి ఈనె ఒకటి ట్యాంకులోకి దించి, తడిసినంత మేర గోటితో గాటు పెట్టి, ఆ ఈనెని నా జడపిన్నుల డబ్బాలో దాచుకునేదాన్ని. మొదటి వారం కొలత కొద్దిగా తగ్గింది. రెండో వారం ఇంకొంచెం తగ్గింది. మూడో వారం నా కళ్లతో నేనే చూశాను. ఆయన ట్యాంకులో రబ్బరు గొట్టం పెట్టి పెట్రోలు డబ్బాలోకి దించి, ఆ డబ్బాని జీపులో వంచేస్తున్నాడు. వార్డు కిటికీ చెక్కల సందులోంచి కదలకుండా చూస్తూ ఉండిపోయాను. దొంగ దొరికాడన్న భయమో సంతోషమో ఇప్పుడు చెప్పలేను.

ఆ శనివారం ఈనె దించితే పెట్రోలు తగ్గలేదు సరికదా, పెరిగింది. ట్యాంకు నిండా ఉంది.

అక్కడైనా నేను ఆగి ఆలోచించాల్సింది. పెట్రోలు తీసినవాడు మళ్లీ ఎందుకు పోస్తాడు? కానీ అనుమానం ఒకసారి పట్టుకున్నాక ప్రతిదీ దానికి అనుకూలంగానే కనిపిస్తుంది. కిరసనాయిలు కలిపేసి ఉంటాడనుకున్నాను. వాసన చూశాను. పొద్దస్తమానం ఫినాయిల్ మధ్య తిరిగే ముక్కుకి ఏమీ తెలియలేదు. తెలియకపోవడం కూడా ఆయన తెలివేననుకున్నాను.

డాక్టరమ్మగారికి చెప్పాను. బయట వరండా నిండా రోగులున్నారు. ఆవిడ స్టెతస్కోపు మెడలోంచి తీయకుండానే డ్రైవర్ని పిలిపించారు.

"ఆదివారాలు జనరేటరు వేస్తున్నావంట?"

"ఆయ్."

"వద్దన్నాను కదా?"

"ఎయ్యాలండి. వారానికోసారి కాసేపు తిప్పాపోతే పాడైపోద్దండి."

"అందులో పెట్రోలు జీపులో పోసుకున్నావంట?"

"పోసేనండి. పెట్రోలు నిలవుంటే చెడిపోద్దండి. ఆ పాతది జీపులో కలిపేసి, జనరేటర్లో కొత్తది పోసేనండి."

"నన్నడిగి చెయ్యొద్దా?"

"ముట్టుకోవద్దన్నారు కదండీ. ఇంకేం అడుగుతానండి."

డాక్టరమ్మగారికి నవ్వొచ్చిందో విసుగొచ్చిందో తెలియలేదు. నాకు మాత్రం అదంతా ముందే తయారుచేసి పెట్టుకున్న జవాబులా వినిపించింది. "మరి ఆ ఆదివారం జీపని ఎందుకు చెప్పారు?" అని అడిగాను. ఆయన తలొంచుకున్నాడు. ఆ తలొంచుకోవడమే నేను గెలవడానికి సరిపోయింది.

"సరే, ఇకనుంచి అది సిస్టరు దగ్గర ఉంటుంది" అన్నారు డాక్టరమ్మగారు.

జనరేటరుని దుప్పట్ల గదిలోకి మార్పించాను. మోసుకొచ్చి దించాక డ్రైవరు గది నలువైపులా చూసి అన్నాడు.

"ఇక్కడొద్దండి సిస్టరుగారూ. పక్కనే స్టవ్వెలిగించి సూదులుడకబెడతారు కదండీ. పోనీ, పెట్రోలన్నా ఖాళీ చేసి పెట్టండి."

చూశావా, మళ్లీ పెట్రోలే కావాలంటున్నాడు అనుకున్నాను. "ఖాళీ చేస్తే ఆపదలో ఏం పోస్తామండీ?" అన్నాను. ఆయన గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా దుప్పట్లన్నిటికీ పెట్రోలు కంపు పట్టింది. బాలింతలు ముక్కు మూసుకున్నారు. అప్పుడు కూడా నేను జనరేటరుని కదపలేదు, స్టవ్వునే వరండాలోకి మార్చాను. నేల చెమ్మ తగలకుండా యంత్రాన్ని పీట మీద ఎక్కించాను. ఆపరేషన్ గదిలో చిరిగిపోయిన ఆకుపచ్చ గుడ్డతో దానికో గలీబు కుట్టాను. రోజూ పొద్దున్నే గలీబు తీసి, తుడిచి, మళ్లీ తొడిగేదాన్ని. ఎనిమిది నెలల పాటు ఆ తాడు ఎవరూ లాగలేదు. ఎర్రటి ట్యాంకులో నా మొహం కనిపించేది. ఎంత బాగా చూసుకుంటున్నానో అని లోపల గర్వపడేదాన్ని.

దసరా వెళ్లాక ముసురు పట్టింది. రెండో రోజుకి స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. మూడో రోజు మధ్యాహ్నం గోదావరి మధ్యనున్న లంకలోంచి ఒక గర్భిణిని పడవలో తీసుకొచ్చారు. రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగి చెయ్యి బయటికి వచ్చేసింది. డాక్టరమ్మగారు చూసి, "ఆపరేషనే. జనరేటరు వేయించు" అన్నారు.

గర్వంగానే తాళం తీశాను. గలీబు తీసి తాడు లాగాను. కదల్లేదు. ఆయా లాగింది. గర్భిణి భర్త తడిబట్టలతో వచ్చి భుజాలు ఊడిపోయేలా లాగాడు. యంత్రం ఒకసారి గరగరమంది, అంతే. బయట వానకి పట్టపగలే మసకచీకటి. లోపల్నుంచి డాక్టరమ్మగారు, "ఏమైందమ్మా?" అని రెండుసార్లు కేకేశారు.

తలెత్తితే గుమ్మం బయట చూరు కింద డ్రైవరు నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పటికీ నాకు గుర్తుంది.

"ఏం చేశారు దీన్ని?" అన్నాను.

తాళం ఎనిమిది నెలలుగా నా దగ్గరుంది. అయినా ఆ మాటే అన్నాను.

ఆయన లోపలికి వచ్చి చట్రం ఒక పక్క పట్టుకున్నాడు. "ముందు బయటికి తీద్దామండి, పట్టండి. గదిలో ఎయ్యకూడదండి, పొగకి మనిషి పోతాడు."

వెనక వరండాలో, జల్లు కొట్టని చోట దించాం. ఆయన ట్యాంకు మూత తీసి నన్ను వాసన చూడమన్నాడు. పాత రంగుడబ్బా తెరిచినట్టుంది. ఈసారి నా ముక్కుకి తెలిసింది. తర్వాత పెట్రోలు దిగే చోట, అడుగున చిన్న గిన్నెలాంటిది విప్పాడు. దానిలో బెల్లంపాకంలా గోధుమరంగు జిగురు పేరుకుపోయి ఉంది.

"నిలవ పెట్రోలండి. సన్నబెజ్జాలన్నీ మూసేసింది. విప్పి కడగాలండి, అరగంటన్నా పడద్ది."

"అరగంట ఆగదండీ ఆ పిల్ల" అన్నాను.

ఆయన ఒక్క నిమిషం ఆలోచించి వానలోకి పరిగెత్తాడు. జీపు తెచ్చి, ఆపరేషన్ గది కిటికీకి ఎదురుగా ఆపి దీపాలు వేశాడు. అద్దాల్లోంచి రెండు పసుపుపచ్చటి వెలుగులు గోడ మీద పడ్డాయి. నేను చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను. డాక్టరమ్మగారు ఆ వెలుగులోనే కోత మొదలుపెట్టారు. ఆవిడ వంగిన ప్రతిసారీ నీడ కోతమీదే పడేది. "పక్కకి జరుగు, పక్కకి జరుగు" అని నన్ను కసురుతున్నారు. మొహం చూసుకునే అద్దం ఒకటి చేత్తో పట్టుకుని జీపు వెలుతుర్ని కడుపు మీదికి తిప్పుతూ నిలబడ్డాను. నా చెవులు మాత్రం వరండా వైపే ఉన్నాయి. తాడు లాగిన చప్పుడు. ఆగింది. మళ్లీ లాగాడు. నాలుగుసార్లు డుగడుగమని ఆగింది. ఆరోసారో ఏడోసారో ఆగలేదు. తలమీద పెద్ద లైటు ఎర్రగా మొదలై తెల్లగా వెలిగింది.

ఆడపిల్ల. నీలం రంగులో ఉంది. వీపు రుద్ది, కాళ్లు తట్టి, నోట్లో ఊదాక చాలాసేపటికి ఏడ్చింది. తల్లికి మూడో రోజు జ్వరం వచ్చింది గానీ తగ్గిపోయింది. పన్నెండో రోజు ఇద్దరూ అదే పడవలో లంకకి వెళ్లిపోయారు.

ఆపరేషన్ అయ్యాక వెనక వరండాలోకి వెళ్లాను. డ్రైవరు జనరేటరు పక్కన ఉత్తనేల మీద కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా నల్లటి జిడ్డు.

"మీరు చెప్పింది నిజమేనన్నమాట" అన్నాను.

"ఆయ్."

"మరి ఆ రోజు జీపని ఎందుకన్నారండీ?"

"డాక్టరమ్మగారికి చెప్పేస్తారని భయపడ్డానండి." చేతుల జిడ్డు తుడుచుకుంటూ, "చెప్పేరు కదండీ" అన్నాడు.

క్షమించండి అనాలి. నోటిదాకా వచ్చింది. "టీ తాగుతారా?" అన్నాను. తాగుతానన్నాడు. అంతకు మించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

మర్నాడు తాళంచెవి ఇవ్వబోతే తీసుకోలేదు. "నా ఒక్కడి దగ్గరొద్దండి. ఇద్దరం ఉన్నప్పుడే తీద్దామండి" అన్నాడు. ఆ మాటలో కోపం ఉందా అని చాలా వెతికాను. కనిపించలేదు.

వార్డుకి దూరంగా, వెనక వరండా చివర ఇటుకలు పేర్చి పైన రేకు కప్పించాం. జనరేటరు అక్కడికి మారింది. ప్రతి శనివారం పొద్దున్న పది గంటలకి దాన్ని బయటికి లాగి, ఆపరేషన్ గది లైటు తగిలించి పావుగంట తిప్పేవాళ్లం. ఆపేటప్పుడు పెట్రోలు దిగే మీట మూసి, లోపల ఉన్నదంతా కాలిపోయి అదే ఆగేదాకా ఉంచాలని ఆయన నేర్పాడు. రెండు నెలలకోసారి ట్యాంకులో పెట్రోలు జీపులోకి, కొత్తది ట్యాంకులోకి. ఇంజనాయిలు నల్లబడితే మార్చడం. చప్పుడుకి రోగులు విసుక్కునేవాళ్లు. డాక్టరమ్మగారు మాత్రం ఓపీలో కూర్చునే తలాడించేవారు.

నేను మారిపోయానని చెప్పను. ఆ తర్వాత కూడా నాలుగైదేళ్లు, ఆయన ట్యాంకు మూత తిప్పిన ప్రతిసారీ నా కళ్లు వాటంతటవే ఆయన చేతుల మీదికి వెళ్లేవి. ఆయనకి తెలుసు. నాకు బాగా కనిపించేలా కొంచెం పక్కకి జరిగి పోసేవాడు.