ఇంకో డేట్ అడగమన్న ఆంటీ

ఆంటీ పోయారని పోయిన బుధవారం మధ్యాహ్నం తెలుగు చర్చి గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. కెమెరా ఆపి, మ్యూట్ చేసుకుని, మాట్లాడేవాళ్ళను మాట్లాడనిచ్చాను. కిడ్నీలు పాడై రెండేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్న మనిషి, అనుకోని వార్తేమీ కాదు. అయినా ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో సాయంత్రానికి గాని తేలలేదు. నా మీదే.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఇక్కడికి గంటన్నర దూరంలో, నేను మాస్టర్స్ చదివిన ఊళ్ళో, కౌంటీ కోర్టులో తెలుగు ఇంటర్‌ప్రెటర్. పుట్టింది నరసాపురం దగ్గర. ఆదివారం చర్చిలో ఆఖరి వరసలో కూర్చునేవారు. నాకు భక్తి లేదు, ఆరాధన అయ్యాక పెట్టే చేపల పులుసు మీద ఉంది. అది ఆవిడ మొదటి వారమే పసిగట్టారు. "పాటలకి అందవు గానీ పులుసుకి మాత్రం భలే అందుతావే" అనేవారు, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేస్తూ.

కోర్టులో రాసుకున్న కాగితాలు కేసు అవగానే చింపెయ్యాలని వాళ్ళ వృత్తిలో నియమం. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. సరుకుల చీటీ కూడా కొట్టు బయటికి రాగానే నాలుగు ముక్కలు చేసేవారు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ పిప్పరమెంట్ల డబ్బా ఉండేది. "రోజంతా ఎవరెవరి మాటలో మోసే నోరమ్మా, కాస్త తియ్యగా ఉండనీ" అనేవారు.

వాళ్ళకు ఇంకో నియమం కూడా ఉంది. అవతలివాళ్ళ మాట ఇవతలికి, ఇవతలివాళ్ళ మాట అవతలికి చెప్పాలి. సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు, సలహా అసలే ఇవ్వకూడదు. ఆ నియమం ఒకరోజు మా అపార్ట్‌మెంట్ మీదికే వచ్చింది.

నా రూమ్మేట్ కరీంనగర్ పిల్ల. ఇంకొక్క సెమిస్టర్ మిగిలి ఉంది. ఒక స్టోర్‌లో మనమే స్కాన్ చేసుకునే కౌంటర్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చెయ్యకుండా సంచిలో వేసుకుంది. మరిచిపోయిందో, కావాలనే చేసిందో నేను అడగలేదు. దొంగతనం కేసు పెట్టారు. ఆ పిల్ల వణికిపోతుంటే నేను పెద్ద ఆరిందాలా సలహా ఇచ్చాను. "ట్రాఫిక్ టికెట్ లాంటిదే. ఒప్పేసుకో, ఫైన్ కట్టేసి బయటపడు. లాయర్, గీయర్ అని పెంట చేసుకోకు." మా బ్యాచ్‌లో ఎవరినడిగినా అదే అనేవారు. స్పీడ్ టికెట్లన్నీ అలాగే కట్టి బతికినవాళ్ళం.

కోర్టుకి నేనూ తోడు వెళ్ళాను. అక్కడ ప్రాసిక్యూటర్ తరఫున ఒకావిడ బల్ల దగ్గర నిలబడి పేర్లు పిలుస్తోంది. బొంగురు గొంతు. తప్పు ఒప్పుకుంటే జరిమానాతో ఇవాళే అయిపోతుంది అంది. మా పిల్లకు భయంతో ఇంగ్లీషు నోట రాలేదు. ఆంటీని పిలిచారు. ఆవిడ ఆ మాటను తెలుగులో చెప్పి, మా పిల్ల "సరే" అంటే దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. ఐదు నిమిషాలు పట్టలేదు.

వరండాలోకి వచ్చాక మా పిల్ల, "ఇగ అయిపోయినట్టేనా ఆంటీ?" అని అడిగింది.

ఆంటీ దాని మొహంలోకి చూశారు. "నేను చెప్పకూడదమ్మా. లాయర్ని అడుగు" అని పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

మూడు నెలలకు వీసా రద్దయిందని ఈమెయిల్ వచ్చింది. ఒప్పుకున్న తప్పు రికార్డులో పడిందట. రెండు సూట్‌కేసులు సర్దుకుని డిగ్రీ లేకుండా వెళ్ళిపోయింది. నేను చర్చి మానేశాను. తెలుగు మనిషి అయ్యుండి, అంతా తెలిసి నోరు విప్పలేదని ఆంటీని పదిమంది దగ్గర తిట్టాను.

ఒక శనివారం ఆవిడే పులుసు డబ్బా పట్టుకుని మా తలుపు తట్టారు. "తిడుతున్నావంటగా. ఎదురుగా తిట్టు, వింటాను" అని కుర్చీ లాక్కున్నారు. నేను డబ్బా అందుకున్నాను. ఆవిడే అన్నారు, "ఆ రోజు నోరు తెరిస్తే పోయేది నా ఉద్యోగం ఒక్కటే. ఆ సంగతి నాకు వరండాలో తట్టలేదమ్మా, ఆ పిల్ల ఫ్లైట్ ఎక్కాక తట్టింది."

మరి నా సలహా సంగతి ఆవిడకు చెప్పానా? లేదు. డబ్బా కడిగి ఇచ్చాను, అంతే.

ఆ తర్వాతి ఏడాది ప్రాసిక్యూటర్ ఎన్నిక వచ్చింది. ఇక్కడ ఆ పదవికి కూడా జనమే ఓటేస్తారు. మా యూనివర్సిటీలో ఒక పార్టీ స్టూడెంట్ క్లబ్ ఉండేది. ఆ పార్టీలో ఆ పదవికి పోటీపడుతున్న ఇద్దరు అభ్యర్థులను పిలిచి, విని, క్లబ్ ఒకరికి మద్దతు ప్రకటించాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్న నాకు ఎన్నికలో ఓటు లేదు గానీ క్లబ్‌లో చెయ్యెత్తే హక్కుంది. కరీంనగర్ పిల్ల కోసమే చేరాను. ఇంకో పిల్ల అలా వెళ్ళకూడదని నా పట్టుదల. ఆంటీ అప్పటికి డయాలసిస్ వల్ల కోర్టు పని మానేశారు, కాబట్టి నోరు విప్పొచ్చు. ఆవిడను క్లబ్ మీటింగ్‌కి కారులో తీసుకెళ్ళాను.

"ఉపన్యాసాలు వినకమ్మా. లాయరు లేనివాళ్ళతో పొద్దున్నే బల్ల దగ్గర ఏం చెబుతారో అది అడుగు" అన్నారు దారిలో.

అదే అడిగాను. మొదటి అభ్యర్థి చక్కటివాడు, అందరికీ నమస్తే పెట్టాడు. న్యాయం గురించి చాలా మాట్లాడి, నా ప్రశ్నకు "తప్పకుండా పరిశీలిస్తాను" అన్నాడు. రెండో ఆవిడ నోరు తెరవగానే నాకు ఒళ్ళు మండింది. అదే బొంగురు గొంతు.

"ఆ బల్ల దగ్గర ఏళ్ళ తరబడి నిలబడ్డాను. ఒప్పుకుని, కట్టేసి వెళ్ళిపొమ్మని చెప్పాను. తర్వాత వాళ్ళేమయ్యారో నేనెప్పుడూ అడగలేదు. అది నా తప్పు" అంది. గెలిస్తే లాయర్‌ని కలిసేదాకా అలాంటి కేసులన్నీ వాయిదా వేయిస్తానని కూడా చెప్పింది. సగం మందికి ఎక్కలేదు. తనే ఒప్పుకుంది కదా, ఇలాంటిదానికా మద్దతు, అని గోల. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఒక్క చెయ్యి తేడాతో నమస్తే పెట్టినాయన నెగ్గాడు.

తిరిగి వస్తున్నాం. ఆంటీ పిప్పరమెంటు తీసి, నోట్లో వేసుకోకుండా చేతిలోనే పట్టుకున్నారు. ఇల్లు దగ్గరపడ్డాక అన్నారు. "తప్పు ఒప్పుకున్నవాళ్ళకే శిక్ష వేస్తామమ్మా మనం. ఒప్పుకోనివాళ్ళు హాయిగా ఇంటికి పోతారు."

ఒప్పుకో, కట్టేసి బయటపడు. ఆ మాట నేనన్నాను, బల్ల దగ్గర ఆవిడంది, ఆంటీ తెలుగులో చెప్పారు. ఆంటీ మా ఇంటికొచ్చి ఒప్పుకున్నారు. బల్ల దగ్గరావిడ అందరిముందూ ఒప్పుకుంది. ఆవిడను ఓడించిన చెయ్యి నాది. ఆ రోజైనా కారు ఆపి నా సలహా సంగతి చెప్పాల్సింది. సీటు బెల్టు తియ్యడానికి సాయం చేసి, గుడ్‌నైట్ చెప్పి వచ్చేశాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

నమస్తే పెట్టినాయన ఎన్నికలోనూ గెలిచాడు. మా మద్దతు వల్లేనని చెప్పలేను. పరిశీలిస్తానన్నది ఇంకా పరిశీలిస్తూనే ఉన్నట్టున్నాడు.

ఆంటీ మాత్రం డయాలసిస్ లేని సోమవారాల్లో కోర్టు వరండా బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆవిడ కోర్టు మనిషి కాదు, ఎవరూ ఏమీ అనలేదు. భయం మొహంతో తెలుగు పిల్లలెవరైనా కనిపిస్తే పక్కన కూర్చోబెట్టి, పిప్పరమెంటు చేతిలో పెట్టి, ఒకే మాట చెప్పేవారు. "లాయర్ కావాలి, ఇంకో డేట్ ఇవ్వండి అని అడుగు. అది అడగడానికి భయపడకు." నన్నూ ఒకసారి రమ్మన్నారు. ఆఫీసు అన్నాను.

శనివారం సమాధి చేశారు. సోమవారం సెలవు పెట్టి, గంటన్నర డ్రైవ్ చేసి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక బ్యాగ్ పక్కన పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాను. చేతిలో కోర్టు కాగితం మడిచి పట్టుకున్న పిల్ల ఒకతి వచ్చి, నా మొహం చూసి తెలుగేనని పోల్చుకుంది.

"అక్కా, ఫైన్ కట్టేస్తే అయిపోతదా?"

"అయిపోదు" అన్నాను. బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ పిల్ల ఆంటీ కూర్చునే చోట కూర్చుంది.