వెనక దీపం

మా బావ పళ్ళు కడతాడు. డాక్టరు కాదు. డాక్టర్లు ముసలివాళ్ళ నోటి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టరు పోసి దవడ తయారుచేసి, దాని మీద మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి, గులాబీరంగు చిగుళ్ళు పోతపోసి సెట్టు కట్టి పంపుతాడు. అతని పనిగది నిండా దవడలే. గోడ అరల్లో, కిటికీ గట్టు మీద, ఆఖరికి టీ కప్పుల పక్కన కూడా పళ్ళికిలిస్తూ ఉంటాయి. మొదటిసారి వచ్చినవాళ్ళకు గుండె ఝల్లుమంటుంది. నాకు అలవాటైపోయింది కానీ, ఈ చలికాలం తర్వాత మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కావడం లేదు.

ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెనక ఒకటి ఆపకుండా చేసే పోటీ ఒకటుంది, ట్రయథ్లాన్ అని. మా వీధివాళ్ళకు ఆ పేరు నోరు తిరగక ‘మూడు ముక్కలాట’ అనేవారు. నడివయసులో, పొట్ట వచ్చాక, బావకు ఆ పిచ్చి పట్టింది. పోయిన వేసవిలో మొదటిసారి పోటీకి దిగి, నీళ్ళలోంచి అందరికంటే చివర బయటికొచ్చాడు. గట్టున నిలబడ్డ మనిషి వంగి, టైము లెక్కకని బావ చీలమండకు కట్టిన పట్టీ విప్పేసి, “టైమైపోయింది సార్, ఇక సైకిలెక్కడానికి లేదు” అన్నాడు. గొలుసుకు నూనె వేసి, తుడిచి నిలబెట్టిన సైకిలు నిలబెట్టిన చోటే ఉండిపోయింది. దాని పక్కన బావ తడిబట్టల్లో నిలబడి ఉండగా అక్క ఫొటో తీసింది. ఆ ఫొటో మొన్నమొన్నటి దాకా ఫ్రిజ్ తలుపు మీద ఉండేది.

మా బావది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. వచ్చే వేసవికి ఎలాగైనా సైకిలెక్కి తీరాలని చలికాలమంతా సాధన పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంట్లో సైకిలు, పొద్దున్నే ఈత.

సైకిలంటే రోడ్డు మీద కాదు. బయట రోడ్లన్నీ మంచు తడితో జారుతుంటాయి కాబట్టి, వెనక చక్రాన్ని ఇనప స్టాండులో బిగించి, వెనక గదిలో కూర్చుని తొక్కేవాడు. ఎంత తొక్కినా ఎక్కడికీ పోని ఆ సైకిలు ఇల్లంతా గుయ్యిమని మోగేది. కింది వాటావాళ్ళు పైకప్పుకేసి చీపురుకర్రతో పొడిచేవాళ్ళు. ఆ చప్పుడు సుఖంగా అనిపించింది ఇంట్లో ఒక్కరికే, మా నాన్నకు.

నాన్న సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఇల్లరికం వచ్చింది అల్లుడు కాదు, మామగారూ బామ్మర్దీ. అమ్మ పోయాక నాన్నా నేనూ సామాను సర్దుకుని అక్కావాళ్ళింటికి వచ్చేశాం. నేను పొద్దున్నే రంగుల కొట్టు తెరవడానికి వెళ్ళిపోతాను. నాన్న మాత్రం గోడకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. పిలిస్తే పలికేవాడు, పిలవకపోతే లేదు. ఉద్యోగమంతా రైలు చివరి పెట్టెలో గార్డుగా చేసినవాడు, నిశ్శబ్దంలో నిద్రపోవడం అలవాటు లేని మనిషి. బావ పక్కగదిలో సైకిలు మొదలుపెట్టాక, ఆ మోతకు కుర్చీలోనే గురకపెట్టి నిద్రపోయేవాడు. చప్పుడు ఆగగానే కళ్ళు తెరిచి, “ఏ స్టేషను?” అని అడిగేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

ఇక ఈత. ఊళ్ళో ఈతకొలను చలికాలానికి మూసేశారు. ఊరి చివర రాళ్ళు తవ్వి వదిలేసిన గని ఉంది. ఊటనీళ్ళు నిండి పెద్ద గుంట అయింది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నట్టు, పళ్ళు కట్టే మనిషే పోయిపోయి ఆ రాళ్ళగుంటను ఎంచుకున్నాడు. మూడు వైపులా నిలువు రాతిగోడలు. ఒక వైపు మాత్రం పాతకాలంలో లారీలు దిగిన వాలు నీళ్ళలోకి దిగి, కొంతదూరం పోయాక కత్తితో కోసినట్టు తెగిపోతుంది. ఆ తర్వాత లోతెంతో ఎవరికీ తెలియదు. గుంట నడుమ, మునిగిపోయిన యంత్రం తాలూకు తుప్పు పట్టిన ఇనప స్తంభం ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎదుటి గోడకు మనిషి ఎక్కి నిలబడేంత రాతి అరుగు, దానిమీంచి పైకి నాలుగు మెట్లు. వాలు నుంచి స్తంభం పక్కగా అరుగు దాకా, మళ్ళీ వెనక్కి. అదీ బావ దారి.

అది విన్నరోజు అక్క గిన్నె దించి ఠంగున గట్టు మీద పెట్టింది.

“పిచ్చి ముదిరింది, తలకు రోకలి చుట్టండి అన్నాడట వెనకటికొకడు. మీ వరస అలాగే ఉంది,” అంది.

“మందపాటి రబ్బరు సూటు వేసుకుంటానే. చలి లోపలికి రాదు.”

“చలి సంగతి సరే. మీరు బయటికి రావాలిగా.”

అక్కకు ఉన్నది ఒకటే భయం, ఆ గుంటలో దిగిన మనిషి ఒకరోజు ఇంటికి రాడని. ఆ భయం మా అందరికీ తెలుసు. బావను ఆపలేనని కూడా అక్కకు తెలుసు. అందుకే చివరికి ఒట్టు వేయించుకుంది.

“గట్టున మనిషి లేకుండా నీళ్ళలో కాలు పెట్టనని నా మీద ఒట్టెయ్యండి.”

“పొద్దున్నే ఆ చలిలో ఎవరొస్తారే?”

గోడకెదురుగా ఉన్న కుర్చీ కిర్రుమంది. “నేను కూర్చుంటా,” అన్నాడు నాన్న.

మర్నాడు నాన్న గడ్డం గీసుకున్నాడు. పెట్టె అడుగు నుంచి పాత ఉన్ని కోటు తీశాడు. ఉద్యోగంలో వాడిన చేతిదీపం తీసి కొత్త బ్యాటరీలు వేశాడు. మడతకుర్చీ చంకన పెట్టుకుని, అల్లుడికంటే ముందే గుమ్మంలో నిలబడ్డాడు. అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను. మొగుడికి కాపలా దొరికింది, తండ్రికి పని దొరికింది, ఒక దెబ్బకు రెండు పిట్టలనుకుంది పాపం.

ఇలాంటి నీళ్ళలో ఈదేవాళ్ళు గాలి నింపిన నారింజరంగు సంచి ఒకటి నడుముకు తాడుతో కట్టుకుంటారు. అది వెనకాలే తేలుతూ వస్తుంది, దూరానికి కనబడుతుంది. ఆ బుడగ నాన్నకు తెగ నచ్చింది.

“ఇది మన వెనక దీపంరా,” అన్నాడు అన్నం దగ్గర. “బండి పోతుంటే స్టేషనులో వాడు ఇంజనును చూడడు. చివరి పెట్టె వెనక దీపం చూస్తాడు. అది కనబడిందా, బండి ఎక్కడా తెగకుండా మొత్తం వచ్చినట్టు.”

“మరి మధ్యలో తెగితే?” అన్నాను.

“తెగితే దీపం ఆగిపోతుంది. ఎత్తు మీద ఒకసారి కొక్కెం ఊడి, ముందు సగం పోయింది, నేనూ నా దీపమూ ఉండిపోయాం. వెలగడం వెలుగుతూనే ఉంది, బండి లేదు. ఆగిన దీపం దగ్గర గార్డు కూర్చోకూడదురా. దిగి నడవాలి.”

“అయితే మామయ్య నన్ను చూడరన్నమాట, బుడగనే చూస్తారు,” అన్నాడు బావ నవ్వుతూ.

“నిన్ను చూసేదేముంది? బాతులా కొట్టుకుంటావు.”

అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

చలి ముదిరే కొద్దీ కొన్ని తేడాలు కనబడసాగాయి. ఈత నుంచి వచ్చాక బావ టీ గ్లాసును వేళ్ళతో పట్టుకోవడం మానేసి రెండు అరచేతుల మధ్య ఇరికించుకునేవాడు. చొక్కా బొత్తాలు అక్కే పెట్టేది. ఒకరోజు ఒక పెద్దావిడ పళ్ళసెట్టు తిరగ్గొట్టింది. ముందు పన్ను పక్కింటికేసి చూస్తోందని ఆవిడ ఫిర్యాదు. బావ పెట్టిన పన్ను వంకరపోవడం అంతకుముందెప్పుడూ జరగలేదు. నేను ఆటపట్టించాను. బావ నవ్వకుండా ఆ సెట్టును అరలోపలికి తోసేశాడు.

చలినీళ్ళలో కాసేపుంటే అతని వేళ్ళకు నెత్తురు అందడం మానేసేది. మైనంలా తెల్లబడి, గిల్లినా తెలియకుండా పోయేవి. ఈ సంగతి నాన్నకు తెలుసు. రోజూ గట్టున ఆ వేళ్ళను తన కోటు జేబుల్లో పెట్టి రుద్దింది నాన్నే. కానీ అక్కకు చెప్పలేదు. చెబితే ఈత ఆగిపోతుంది, ఈత ఆగితే మళ్ళీ గోడా, కుర్చీ.

బావకు తెలిసింది ఇంకొకటి. నాన్న కళ్ళకు పొర కమ్ముతోంది. కప్పు పక్కన టీ పోసేవాడు. స్తంభం అవతల బుడగ ఎటు పోతోందో చెప్పమంటే కాసేపు తటపటాయించేవాడు. ఇదీ అక్కకు చెప్పలేదు. గట్టున మనిషంటూ ఒకడుంటే ఒట్టు చెల్లుతుంది కదా. గుడ్డి కన్నా మెల్ల నయం అనుకున్నాడట. ఆ మాట ఆసుపత్రి వరండాలో బావ తన నోటితోనే చెప్పాడు. ఒకరి గుట్టు ఒకరి గుప్పిట్లో పెట్టుకుని ఇద్దరూ రోజూ పొద్దున్నే హుషారుగా బయల్దేరేవాళ్ళు. మామా అల్లుళ్ళ అన్యోన్యం చూసి వీధి వీధంతా మెచ్చుకుంది.

ఆ రోజు పొగమంచు కిటికీ అద్దాలకు అంటుకుని ఉంది. “ఇవాళ మానెయ్యండి,” అంది అక్క. “గాలి లేదు, నీళ్ళు కదలవు. ఈదడానికి ఇంతకంటే మంచిరోజు దొరకదు,” అన్నాడు బావ. నాన్న అప్పటికే బూట్లు వేసుకున్నాడు.

తర్వాత జరిగింది బావ చెప్పిందే. ఒక్కసారే చెప్పాడు, మళ్ళీ అడిగే ధైర్యం మాకు లేదు.

గుంట దగ్గరికి చేరేసరికే బావ వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. బుడగ తాడును నడుముకు బిగించే కొక్కెం టక్కుమనాలి. అన్నట్టే అనిపించిందట. నీళ్ళలోకి దిగి స్తంభం దాటాడు. పొగమంచులో ఎదర ఏమీ కనబడటం లేదు. అరుగు చేతికి తగిలాక, పైకెక్కి వెనక్కి చెయ్యి పెడితే తాడు లేదు. కొక్కెం ఊడి బుడగ దారిలోనే జారిపోయింది. ఒళ్ళంతా వణుకు, దవడలు కొట్టుకుంటున్నాయి. మళ్ళీ నీళ్ళలోకి దిగితే దాటలేనని అర్థమైంది. ఆ చలికాలం మొత్తంలో బావకు బుద్ధి పనిచేసింది ఆ ఒక్క క్షణమే. మెట్లెక్కి, గుంట చుట్టూ నడిచి వద్దామనుకున్నాడు.

ఆపదొస్తే ఊదడానికి ఈల ఒకటుంది. కానీ దాన్ని బుడగకే కట్టాడు.

“మామయ్యా, నేనిటున్నాను,” అని అరిచాడు. ఆ రాతిగోడల మధ్య ఒక మాట నాలుగు వైపుల నుంచీ వస్తుంది. పైగా రైలు మోత తినేసిన చెవులు నాన్నవి. బదులు రాలేదు. బావ ఉత్తికాళ్ళతో, ముళ్ళపొదల మధ్య నుంచి, రాళ్ళ మీద పరుగులాంటి నడక మొదలుపెట్టాడు.

ఇవతల నాన్న బుడగను చూస్తున్నాడు. అది స్తంభానికి చిక్కుకుని తేలుతోంది. నారింజరంగు కనబడుతోంది కాబట్టి బండి క్షేమమే. ఎంతసేపు అలా నిశ్చింతగా కూర్చున్నాడో చెప్పేవాళ్ళు లేరు. ఆ కళ్ళతో, ఆ మంచులో, ఒక రంగుమచ్చ కదలడం లేదని తెలుసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టి ఉంటుంది. తెలిశాక మాత్రం కూర్చోలేదు.

బావ సగం చుట్టు తిరిగేసరికి మంచు కాస్త విడింది. కింద వాలు మీద మడతకుర్చీ ఖాళీగా ఉంది. నీళ్ళ మీద ఒక దీపం కదులుతోంది. నాన్న ఉన్ని కోటుతో, బూట్లతో, చేతిదీపం ఎత్తి పట్టుకుని, నడుంలోతు నీళ్ళలో బుడగకేసి నడుస్తున్నాడు. తొందర లేదట. పట్టాల పక్కన నడిచినట్టే నడుస్తున్నాడట. నాన్నకు ఈత రాదు.

బావ గొంతు చించుకుని అరిచాడు. నాన్న ఒకసారి ఆగి, తల తిప్పి, బావకేసి కాదు, ఉత్త గోడకేసి చూశాడు. మళ్ళీ ముందుకు అడుగేశాడు. వాలు తెగిపోయే చోటు అదే. దీపం నీళ్ళలోకి వెళ్ళాక కూడా కాసేపు లోపల వెలుగు కనబడిందట.

బావ ఉన్నచోటి నుంచే దూకాడు. ఏడాదిగా ఈదలేక అవస్థపడ్డ మనిషి ఆ రోజు ఎలా ఈదాడో తెలియదు. నాన్నను కోటు కాలరు పట్టి వాలు మీదికి లాక్కొచ్చాడు. పొట్ట నొక్కి, నోట్లో ఊపిరి ఊది, బొత్తాలు విప్పలేని వేళ్ళ బదులు పళ్ళతో కోటు చింపి, ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. నాన్న కళ్ళు తెరిచాడు. మొహం మీదికి వంగిన బావను పోల్చుకుని చిరాకుపడ్డాడట.

“దీపం వదిలేసి ఎటు పోయావు అల్లుడూ?”

ఆ మాటే ఆఖరిది. రోడ్డు మీద పోయే పాలవ్యాను ఆపి ఆసుపత్రికి తెచ్చేలోపే ప్రాణం పోయింది. నేను వెళ్ళేసరికి వరండాలో బల్ల మీద బావ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కాళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. అక్క వచ్చింది. భర్త ఎదురుగా బతికి కనబడగానే దాని మొహం ఒక్క క్షణం వెలిగింది. తర్వాత చుట్టూ చూసి, “నాన్నేరీ?” అంది.

నాకు బావ మీద కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. కళ్ళు కనబడవని తెలిసీ గట్టున కూర్చోబెట్టిన మనిషిని ఎలా క్షమించను? ఆ కళ్ళతో నీళ్ళలోకి నడిచిన నాన్న మీదా కోపమే. ఆ కోపానికి మాత్రం ఏడుపు తోడొస్తుంది.

బావ మళ్ళీ నీళ్ళ జోలికి పోలేదు. ఫ్రిజ్ మీది ఫొటో తీసేశాడు. కానీ సాయంత్రం సైకిలు మాత్రం మానలేదు. నాన్న కుర్చీ పక్కగదిలో అలాగే ఉంది, ఈయన ఇవతల తొక్కుతూనే ఉంటాడు. కింది వాటావాళ్ళు కూడా చీపురుకర్రతో పొడవడం మానేశారు. మొదట్లో అక్క ఆపించేస్తుందేమో అనుకున్నాను. అది వంటగదిలో చెవులు రిక్కించుకుని పనిచేసుకుంటూ ఉంటుంది. మోత ఆగిందా, చేతిలో ఉన్నది ఉన్నట్టే వదిలేసి, లేచి వెనక గది దాకా నడిచి చూసి వస్తుంది.