దూరం చూడటానికి దరఖాస్తు

ఆ రోజుల్లో కళ్ళు మండటాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కవేసేవారు కాదు. ఉద్యోగం చేస్తున్నందుకు రుజువు అనుకునేవారు. ఇప్పుడు మా మనవరాలి ఫోను "కాసేపు కళ్ళకు విశ్రాంతి ఇవ్వండి" అని దానంతట అదే బతిమాలుతుంది. ఆ పిల్ల ఆ మాటను వేలితో పక్కకు తోసేసి మళ్ళీ చూపు దాంట్లోనే పెడుతుంది. నాకు అంత అదృష్టం లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో నా కళ్ళ విశ్రాంతి కోసం నేనే ప్రభుత్వాన్ని బతిమాలుకున్నాను, అది కూడా మూడు ప్రతుల్లో.

ఎనభైల నడుమ సంగతి ఇది. మాది ఛత్రినాక. టైపు పరీక్ష పాసై నయాపూల్ దగ్గర, మూసీ ఒడ్డున ఉన్న ఒక సర్కారు ఆఫీసులో చేరాను. చేరిన కొద్ది నెలలకు అక్కడికి కంప్యూటరు వచ్చింది. దానికోసం ప్రత్యేకంగా ఏసీ గది తయారైంది (మనుషులకు తిరిగే ఫ్యాను లేని ఆఫీసు అది). కొబ్బరికాయ కొట్టారు. చెప్పులు బయటే విడవాలన్నారు. ఎండ తగిలితే పాడవుతుందని ఉన్న ఒక్క కిటికీకీ నల్ల పరదా వేశారు. ఆ చీకట్లో కూర్చుని పాత రిజిస్టర్లలోని పేర్లన్నీ ఎక్కించడం నా పని. నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే.

మా సూపరింటెండెంటు గారిది కోస్తా. ఎప్పుడో బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. చాటున మేమంతా ఆయన్ని 'అజమాయిషీ గారు' అనేవాళ్ళం. కంప్యూటరు గురించి ఆయనకు ఏమీ తెలియదు కాబట్టి దానిమీద గట్టి అభిప్రాయాలు ఉండేవి. నా వెనకాలే కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. నా తల కాస్త పక్కకు తిరిగితే చాలు, దగ్గేవారు. "అమ్మాయ్, అది మామూలు వస్తువు కాదు. చూపు పక్కకు తిప్పావంటే పని మానేసినట్టే. నేనైతే రెప్ప కూడా వెయ్యను" అనేవారు. ఆయన చూపెప్పుడూ నా తలమీదే, ఆ తెరను తిన్నగా చూసింది మాత్రం కొబ్బరికాయ కొట్టిన రోజే.

ఇందులో నా తెలివితక్కువా ఉంది, దాచుకోను. ఆయన మెప్పు కోసం నేను నిజంగానే రెప్పవేయడం మానేశాను. ఎంతసేపు ఉండగలనో గోడ గడియారం పెట్టుకుని చూసుకునేదాన్ని. "ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అని ఆయన నలుగురి ముందు అంటే, నాకేదో పతకం మెడలో వేసినట్టు ఉండేది.

పతకం సంగతి రెండు నెలల్లో బయటపడింది. కళ్ళు ఎర్రగా మండేవి, సాయంత్రానికి తల బద్దలయ్యేది. నయాపూల్ స్టాపులో బస్సు నంబరు సరిగా కనబడక, ఛత్రినాక వెళ్ళాల్సినదాన్ని కిషన్‌బాగ్‌లో దిగి ఏడ్చుకుంటూ వెనక్కి వచ్చాను. అంతకన్నా వింత ఇంకోటి జరిగింది. రోజంతా ఆకుపచ్చ అక్షరాలు చూసీ చూసీ, తెల్లనివన్నీ లేత గులాబీ రంగులో కనబడటం మొదలైంది.

"అమ్మా, అన్నంల రంగేమన్న కలిపినవా?" అని అడిగాను ఒక రాత్రి.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఏందే బిడ్డా గట్లంటవు? తెల్లగ మల్లెపూవు లెక్క ఉంటే!" అని నా కళ్ళ దగ్గర దీపం పెట్టి చూసింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ తిండి రుచి తెలియలేదు. ఎందుకంటే కళ్ళకు మంచిదని నెలరోజులు పూటపూటా పొన్నగంటికూరే వండింది. మాడుకు ఆముదం పెట్టేది. కళ్ళ మీద కీరదోసకాయ ముక్కలు పెట్టి పడుకోబెట్టేది (నేను కదిలితే అవి జారేవి, మా చిన్న తమ్ముడు తినేసేవాడు).

అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. మా బాపు పోయి రెండేళ్ళయింది. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఆ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఏడాది నిండగానే సర్కారు దవాఖానలో కంటి పరీక్ష ఉంది. గోడమీది అక్షరాలు చదవలేకపోతే పంపించేస్తారు. పరీక్ష ఇంకో నెలన్నరే ఉంది. ఆ సమయంలో నాకు ఎదురుగా ఉన్న మనిషి మొహమే మసగ్గా కనబడేది.

ఆఫీసులో చాయ్ తెచ్చే అటెండరు చాచా నా అవస్థ చూసి, జేబులోంచి చిన్న సీసా తీశాడు. "ఫికర్ నక్కో కరో బేటీ. ఠండా సుర్మా. ఏక్ సలాయీ బస్" అన్నాడు. కళ్ళకు చలవ చేసే కాటుకట, ఒక్క పుల్ల పెడితే చాలట. పెట్టుకున్నాను. చల్లదనం సంగతి దేవుడెరుగు, కళ్ళనుంచి ధారలు కట్టి నల్లగా గడ్డం దాకా కారింది. అజమాయిషీ గారు అది చూసి కంగారుపడి లేచారు. "ఎవరేమన్నారమ్మాయ్? ఆఫీసు వేళల్లో ఏడవకూడదు, రూల్సు ఒప్పుకోవు" అన్నారు.

చివరికి అమ్మ నన్ను కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. పెద్దాయన. కళ్ళు రెండూ పైకీ కిందికీ లాగి చూసి, "కండ్లకేం కాలే. రెప్ప కొట్టుడు ఎందుకు బంద్ చేసినవ్ బిడ్డా?" అన్నాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. "రెప్ప కొడితేనే కన్ను తడిగుంటది. చీకట్ల కూసోకు, పరదా తీయించు. తెర చెయ్యి చాపితే అందేటంత దూరముండాలె, కండ్లకన్న జర కిందికుండాలె. పావుగంటకోపారి లేచి కిటికీలకెంచి మస్తు దూరం చూడు. గంతే, మందు గిందు ఏం లేదు. ఇట్లనే మొండిగ కూసుంటే మాత్రం పరీక్షల పై అక్షరం గూడ కనవడది" అని అదంతా చీటీమీద రాసిచ్చాడు.

మర్నాడు ఆ చీటీ అజమాయిషీ గారి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని మూడుసార్లు చదివారు. "కిటికీలోంచి చూడ్డానికి జీతమా?" అన్నారు. అయితే అది డాక్టరు చీటీ. కాదనడానికి ఆయనకు అధికారం లేదు, సరేననడానికి అంతకన్నా లేదు. కాబట్టి ఆయన చేతనైనది చేశారు. ఫైలు తెరిచారు. 'దూరం చూచుటకు అనుమతి' అని అట్టమీద రాసి నాచేత దరఖాస్తు పెట్టించారు.

ఆ ఫైలు సెక్షను నుంచి సెక్షనుకు నడిచింది. ప్రతి సెక్షనూ ఒక సందేహం వెలిబుచ్చింది. ఎంత దూరం చూడవలెను? దేనిని చూడవలెను? నేను నిజాయితీగా మూసీ అవతల కనబడే కోర్టు గుమ్మటాలని రాశాను. వేరే శాఖవారి కట్టడాన్ని ఆ శాఖ అనుమతి లేకుండా రోజూ చూడవచ్చునా అని ప్రశ్న వచ్చింది. భయపడి, మూసీలో మేసే బర్రెలని మార్చాను. బర్రెలు రాని రోజున ప్రత్యామ్నాయ ఏర్పాటు ఏమి అని మళ్ళీ వచ్చింది. దరఖాస్తుదారు దూరమే చూస్తున్నదని, దగ్గర చూడటం లేదని ఎవరు ధ్రువీకరిస్తారన్నది ఇంకొకరి ఆలోచన.

ప్రతి సందేహానికీ నేను స్వయంగా వెళ్ళి నిలబడి జవాబు చెప్పాలి. సెక్షన్లన్నీ పొడవాటి వరండాకు ఆ చివర ఉండేవి. వరండా పొడుగునా మూసీ, వంతెన, అవతలి ఒడ్డు కనబడుతూ ఉండేవి. గుమాస్తా సీట్లో లేడంటే అక్కడే పిట్టగోడ పట్టుకుని నిలబడేదాన్ని. (గుమాస్తా ఎప్పుడూ సీట్లో ఉండేవాడు కాదు.) కొన్ని రోజులైతే కంప్యూటరు ముందుకన్నా వరండాలోనే ఎక్కువసేపు గడిచేది. అజమాయిషీ గారు కూడా ఏమీ అనలేకపోయేవారు, ఫైలు పని కదా. గంటకో రెండుసార్లు ఆయనే "వెళ్ళమ్మా వెళ్ళు, పిలుస్తున్నారట" అని తరిమేవారు.

ఏం జరుగుతోందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఒకరోజు అన్నం తెల్లగా కనబడింది. మర్నాడు బస్సు నంబరు స్టాపుకు చాలా ముందే చదివేశాను. పరీక్ష రోజున గోడమీది పటంలో ఆఖరి వరస చదివి, అది చాలదన్నట్టు కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివేశాను. దవాఖాన డాక్టరు "చాలు తల్లీ, చాలు" అన్నాడు. అమ్మ ఆ సాయంత్రం పొన్నగంటికూర కాకుండా బగారా అన్నం వండింది. తింటూ ఏడ్చాను, అమ్మా ఏడ్చింది. ఇంక ఇల్లు నిలబడిందని మా ఇద్దరికీ తెలుసు.

నేను పర్మనెంటు అయిన వారానికి ఫైలు తిరిగొచ్చింది. పై అధికారి ఆకుపచ్చ సిరాతో ఒక వాక్యం రాశారు: 'దరఖాస్తుదారు కన్నులు సంపూర్ణముగా బాగున్నట్లు వైద్యపరీక్షలో రుజువైనందున, ఆమె దూరం చూడవలసిన అవసరము కనబడుటలేదు. అనుమతి నిరాకరించడమైనది.'

ఆ ఉత్తర్వును అజమాయిషీ గారు నాకు చదివి వినిపించి, కుర్చీని మళ్ళీ నా వెనకాలకు లాక్కున్నారు. నేనేం చేశానంటారు? పరదా లాగి పారేశానా? లేదు. తెల్లకాగితం తీసుకుని, సవినయంగా, మూడు ప్రతుల్లో, అప్పీలు రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల జబ్బ పుచ్చుకుని "పిచ్చిదానా, లేచి చూడు, ఎవర్ని అడగాలే చూడ్డానికి?" అని కేకలేయాలనిపిస్తుంది. వేసినా వినేది కాదు. ఆ కేక మీద కూడా పై అధికారి సంతకం ఉందా అని అడిగేది.